‘రపీతో’ క్యాథలిక్కుల మీద ద్వేషమా? ఎద్గార్దో ఇంటికి ఎందుకు రాలేదు?

ఇటలీ దర్శకుడు మార్కో బెల్లోకియో తీసిన ‘రపీతో’ (ఎత్తుకుపోబడినవాడు అని అర్థం) చూశాక మనసు కుదురుగా లేదని మీరు రాశారు. ఆ తర్వాత సమీక్షలు చదివితే ఇంకా గందరగోళం అయిందన్నారు. ఒకరు ఈ దశాబ్దపు గొప్ప సినిమా అంటే, ఒకరు శ్రీసభ (క్యాథలిక్ చర్చి) మీద విషం కక్కారన్నారు. మరొకరు సగం దాకా బాగుంది, పిల్లవాడు పెద్దయ్యాక దర్శకుడు చేతులెత్తేశాడన్నారు. వీళ్ళలో ఎవరి మాట నమ్మాలి? పోపు మనుషులు ఎత్తుకుపోయిన ఆ యూదు కుర్రాడు ఎద్గార్దో, తలుపులు తెరుచుకున్నాక కూడా ఇంటికి ఎందుకు వెళ్ళలేదో సినిమా చెప్పకపోవడం లోపం కాదా? రోజూ జపమాల చెప్పుకునే మా నాన్నగారికి ఈ సినిమా చూపించవచ్చా? ఈ మూడూ మీరు అడిగినవి.

నేను ముప్ఫయ్యేళ్ళుగా ఫిల్మ్ సొసైటీల్లో సినిమాలు వేస్తూ, చూసినవాళ్ళతో కూర్చుని మాట్లాడుతూ వస్తున్నాను. గుంటూరు జిల్లాలో తరతరాల క్యాథలిక్ కుటుంబంలో పుట్టాను. మా అన్నయ్య గురువు, అంటే చర్చి ఫాదరు, ఇప్పుడు రిటైరయ్యారు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సినిమా గురించి రాసేవాళ్ళెవరూ గట్టు మీద నిలబడి రాయలేరు, నేనూ అంతే.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. బొలోన్యా నగరం అప్పట్లో పోపు పాలనలో ఉండేది. అక్కడ మొమోలో మోర్తారా అనే యూదు వర్తకుడు, ఆయన భార్య మరియానా, వాళ్ళకి ఎనిమిదిమంది పిల్లలు. 1851లో పుట్టిన ఎద్గార్దో పసిబిడ్డగా ఉన్నప్పుడు జబ్బు చేసింది. ఇంట్లో పనిచేసే అన్నా మొరీసి అనే క్యాథలిక్ పిల్ల, బిడ్డ చచ్చిపోతాడని భయపడి, ఎవరికీ చెప్పకుండా నీళ్ళు చల్లి జ్ఞానస్నానం ఇచ్చింది. బిడ్డ బతికాడు. కొన్నేళ్ళకి ఆ సంగతి బొలోన్యాలో శ్రీసభ తరఫు మతవిచారణాధికారి (ఇన్‌క్విజిటర్) ఫాదర్ ఫెలెత్తీ చెవిన పడింది. జ్ఞానస్నానం పొందిన బిడ్డ క్రైస్తవుడు, క్రైస్తవ బిడ్డ యూదుల ఇంట పెరగకూడదు, ఇదీ అప్పటి చట్టం. 1858 జూన్ 23 రాత్రి పోలీసులు తలుపు తట్టారు. మర్నాడు ఆరేళ్ళ ఎద్గార్దోని తీసుకుపోయారు. రోములో, మతం మారినవాళ్ళని పెంచే గృహంలో పెట్టారు. తొమ్మిదో పయస్ పోపు ఆ పిల్లవాణ్ణి తన బిడ్డగా చూసుకున్నారు. యూరప్ అంతా గగ్గోలు పెట్టినా, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కోపగించినా, ఆయన మాట ఒక్కటే: మాకు వీలుపడదు. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోములోకి వచ్చేనాటికి ఎద్గార్దోకి పంతొమ్మిదేళ్ళు. ఇంటికి పోవచ్చు, పోలేదు. 1873లో గురుపట్టం పొంది పోపు పేరునే పెట్టుకున్నాడు. 1940 మార్చిలో బెల్జియంలోని లియేజ్‌లో, జర్మన్ సైన్యం ఆ దేశంలోకి అడుగు పెట్టడానికి రెండు నెలల ముందు చనిపోయాడు.

ఇది జరిగిన కథ. విమర్శల్లో ఏవి ఎంత బరువో తూచడానికి ముందు ఇది గట్టిగా పట్టుకోవాలి. సినిమా కల్పించిన దారుణాలు వేరు, చరిత్రలో ఉన్న దారుణం వేరు. పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడం గాని, తిరిగి ఇవ్వకపోవడం గాని, తల్లిదండ్రులు మతం మారితే బిడ్డ మీవాడే అని చెప్పడం గాని ఎవరూ కాదనరు. బొలోన్యాలో పోపు పాలన పోయాక ఫెలెత్తీని 1860లో పట్టుకుని విచారించారు. అప్పటి చట్టం ప్రకారం పైవాళ్ళ ఆజ్ఞ పాటించాడని వదిలేశారు. సినిమా చూపించింది ఇదే. కాబట్టి ‘అబద్ధాలు’ అన్న సమీక్ష ఎక్కడైనా కనిపిస్తే, ఏది అబద్ధమో చెప్పమనండి.

అయితే క్యాథలిక్ వైపు నుంచి వచ్చిన అభ్యంతరం అంత తేలిక కాదు. అది ఇలా ఉంటుంది: ఎద్గార్దో స్వయంగా తనకి అన్యాయం జరిగిందని అనలేదు, జీవితాంతం పోపుకి కృతజ్ఞతగా ఉన్నాడు, ఆయన్ని పునీతుణ్ణి (సెయింట్) చెయ్యమని సాక్ష్యం కూడా చెప్పాడు. బాధితుడు ఫిర్యాదు చెయ్యని నేరానికి మీరెందుకు కోర్టు పెడతారు? విత్తోరియో మెస్సోరి అనే ఇటాలియన్ క్యాథలిక్ రచయిత చాలా ఏళ్ళుగా ఈ వాదన చేస్తున్నారు. ఎద్గార్దో 1888లో స్పానిష్‌లో రాసుకున్న ఆత్మకథని ఆయనే 2005లో ఇటాలియన్‌లో బయటికి తెచ్చారు. ఈ ఉదంతం మీద 1997లో పుస్తకం రాసిన అమెరికన్ చరిత్రకారుడు డేవిడ్ కెర్ట్జర్, రోములో దాచిన మూలప్రతితో ఆ అనువాదాన్ని పోల్చి, మాటలు మార్చారని 2018లో బయటపెట్టారు. ఆ సంవత్సరమే అమెరికాలో డొమినికన్ మఠసభకి చెందిన ఒక గురువు, అప్పుడు పోపు చేసింది సరైనదే అన్న ధోరణిలో వ్యాసం రాస్తే గట్టిగా ఎదురు తిరిగినవాళ్ళలో క్యాథలిక్కులే ఎక్కువ. అంటే సినిమా రావడానికి ఐదేళ్ళ ముందే ఈ పోట్లాట రగులుతోంది. 2000 సెప్టెంబరులో తొమ్మిదో పయస్‌ని ధన్యజీవిగా (పునీతుడవడానికి ముందు మెట్టు) ప్రకటించినప్పుడూ ఇదే గొడవ. మీరు చదివిన సమీక్షల్లో సగం ఆ పాత తగాదా కొనసాగింపు. వాటిలో సినిమా గురించి ఉన్నది తక్కువ.

బెల్లోకియోకి ఇది మొదటిసారీ కాదు. 2002లో ఆయన ‘లోరా ది రెలిజోనె’ తీశారు. ఒక నాస్తికుడైన చిత్రకారుడికి, తన తల్లిని పునీతురాలిగా ప్రకటించే ప్రయత్నం జరుగుతోందని తెలుస్తుంది. కుటుంబం అంతా అందుకోసం ఒక్కటౌతుంది, అతనొక్కడే అడ్డం. అందులో ఒక పాత్ర నోట వచ్చిన దైవదూషణ మీద ఇటలీలో చాలా రాద్ధాంతం జరిగింది. అదే సినిమాకి అదే ఏడాది కేన్స్ చిత్రోత్సవంలో క్రైస్తవ ఎక్యుమెనికల్ జ్యూరీ ప్రత్యేక ప్రశంస ఇచ్చింది. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి కూర్చునే జ్యూరీ అది. విశ్వాసం ఉన్నవాళ్ళంతా ఈయన్ని ఒకేలా చూడలేదన్నమాట. చిన్నప్పుడు క్యాథలిక్ బడిలో చదివి, ఆ విశ్వాసం వదిలేసి, ఎనభై దాటాక కూడా దాన్ని వదిలి ఉండలేకపోతున్న మనిషి ఆయన. 2023 మేలో ‘రపీతో’ కేన్స్ పోటీలో ఆడేనాటికి ఆయన వయసు 83. ఇది శ్రీసభకి వ్యతిరేకంగా తీసిన సినిమా కాదని ఆయన పదే పదే చెప్పారు. ఆ మాట నేను నమ్ముతాను. కాని అలా చెప్పినంత మాత్రాన పోపు పాత్ర మీద వచ్చిన విమర్శ తేలిపోదు.

ఆ విమర్శలో పస ఉంది. పావొలో పియెరొబోన్ చేసిన తొమ్మిదో పయస్ ఒక్కోచోట మనిషిలా కాక కార్టూన్‌లా ఉంటాడు. సినిమాలో పత్రికల్లోని వ్యంగ్యచిత్రాలు కదలడం మొదలుపెడతాయి, పోపుకి తనని యూదులు వచ్చి సున్తీ చేస్తున్నట్టు పీడకల వస్తుంది. ఈ పీడకల దగ్గర హాల్లో కొందరు నవ్వుతారు. ఆ నవ్వు సినిమాకి నష్టం చేసిందని నా అభిప్రాయం. భయం వల్ల మూర్ఖంగా మారిన ముసలాయన మనకి అర్థమౌతాడు, నవ్వులపాలైన ముసలాయన్ని అర్థం చేసుకోవాల్సిన పని ఉండదు. పెద్దవాడైన ఎద్గార్దో ఉత్సాహంగా పరుగెత్తుకొచ్చి పోపుని కిందపడేస్తే, ప్రాయశ్చిత్తంగా నాలుకతో నేల మీద మూడు సిలువ గుర్తులు గీయమంటాడు. ఇక్కడ మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. పియెరొబోన్ ఆ మాట ఎంత మెల్లగా, ఎంత మామూలుగా అంటాడో చూడండి. ఆ చల్లదనం ముందు పీడకల ఏ మూలకీ రాదు.

కొందరు సమీక్షకులు మరీ ప్రతీకాత్మకంగా ఉందని తప్పుబట్టిన దృశ్యం ఒకటుంది. పోలీసులు వచ్చిన రాత్రి పిల్లవాడు తల్లి గౌను కింద దాక్కుంటాడు. తర్వాత రోములో, దాగుడుమూతలాటలో, పోపు అంగీ కింద దాక్కుంటాడు. ‘ఇంత అందంగా అతికిందంటే దర్శకుడి తెలివి’ అన్నారు. కాదు. పోపు తనని పెద్ద ఎర్రటి అంగీ కింద దాచి, ‘అబ్బాయి ఏడీ?’ అని అందరినీ అడిగి, అంగీ తెరిచి చూపించి నవ్వించేవారని ఎద్గార్దో తానే తర్వాత కాలంలో చెప్పుకున్నాడు. ప్రేమగా చెప్పుకున్నాడు. బెల్లోకియో చేసిందల్లా ఆ అంగీ పక్కన తల్లి గౌనుని పెట్టడం. ఆ ఒక్క పనితో, ప్రేమగా చెప్పుకున్న జ్ఞాపకం మనకి గొంతులో అడ్డం పడుతుంది. ఈ సినిమా ఏ మార్గంలో పనిచేస్తుందో తెలియాలంటే ఈ రెండు దృశ్యాలూ చాలు.

సంగీతం హోరు, ప్రతిదీ ఒపెరాలా పైస్థాయిలో ఉంటుందన్న ఫిర్యాదు గురించి ఎక్కువ చెప్పను. నిజమే, ఫాబియో మాస్సిమో కాపోగ్రోస్సో సంగీతం గుసగుసలాడదు. ఇష్టం లేనివాళ్ళకి ఇష్టం లేదు. మా ఊళ్ళో పద్యనాటకం చూస్తూ పెరిగినవాడిగా నాకది ఇబ్బంది కాలేదు. రాగం తీస్తున్నంతసేపూ కథ ఆగిపోయిందని పద్యనాటకం చూసే ప్రేక్షకుడు అనుకోడు, కథ అక్కడే ఉందని అతనికి తెలుసు. బొలోన్యాలో ఫెలెత్తీ విచారణ జరుగుతుంటే, రోములో ఎద్గార్దోకి భద్రమైన అభ్యంగనం, అంటే జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం, జరుగుతుంటుంది. ఈ రెండింటినీ ముక్కలు ముక్కలుగా కలిపి చూపిస్తారు. సంగీతం తగ్గించి ఆ ఘట్టం చూస్తే అది వార్తాచిత్రం అయిపోతుంది. గార్డియన్‌లో పీటర్ బ్రాడ్‌షా లాంటివాళ్ళు కేన్స్ నుంచే మెచ్చుకుంటూ రాశారు. ఇటలీ సినిమా జర్నలిస్టులు ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడి నాస్త్రి అవార్డులు ఇచ్చారు. కేన్స్ జ్యూరీ మాత్రం ఏమీ ఇవ్వలేదు. 2024లో ఇటలీ జాతీయ సినిమా అవార్డులైన దావిద్‌లు అయిదు వచ్చాయి, అనుసరణ స్క్రీన్‌ప్లేకి ఒకటి, మిగతావి కళాదర్శకత్వం, దుస్తులు, మేకప్, కేశాలంకరణ. అంటే పనితనాన్ని అందరూ ఒప్పుకున్నారు, గుండెకాయ దగ్గరే తేడా.

ఆ గుండెకాయ మీరు అడిగిన రెండో ప్రశ్న. అతను ఎందుకు రాలేదు?

మొదటి సగంలో చిన్న ఎద్గార్దోగా చేసిన ఎనేయా సాలా ముఖంలో అంతా కనిపిస్తుంది. తల్లి రోముకి చూడటానికి వస్తుంది. బార్బరా రోంకి ఆ తల్లి. పిల్లవాడు నేర్పిన మాటల్లాగా బాగున్నానని చెప్పి, తీసుకుపోయే సమయానికి ఒక్కసారిగా విడిపించుకుని తల్లి మీద పడి, రోజూ రాత్రి మన యూదుల షెమా ప్రార్థన చెప్పుకుంటున్నానని ఏడుస్తాడు. ఇంకో రాత్రి ఒంటరిగా గుడిలోకి వెళ్ళి, సిలువ మీది క్రీస్తు చేతుల మేకులు, కాళ్ళ మేకులు ఒక్కొక్కటీ పీకేస్తాడు. క్రీస్తు కిందికి దిగి, కిరీటం తీసేసి, మారుమాట లేకుండా నడిచి వెళ్ళిపోతాడు. యూదులు యేసుని చంపారని అక్కడ విన్న పిల్లవాడు, తనవాళ్ళ తప్పు సరిదిద్దుతున్నాడు. లేదా యేసుని ఇంటికి పంపిస్తున్నాడు, తనని ఎవరూ పంపించలేదు కాబట్టి. ఈ ఘట్టాన్ని దైవదూషణ అన్నవాళ్ళు ఉన్నారు. క్రీస్తు మీద ఇంత లేత ప్రేమతో తీసిన దృశ్యం ఈ మధ్య విశ్వాసుల సినిమాల్లో కూడా నేను చూడలేదు.

ఆ తర్వాత కోత పడుతుంది. ఆరేడేళ్ళ పిల్లవాడు పోయి లెయొనార్దో మాల్తేసే చేసిన యువకుడు వస్తాడు, అంగీ వేసుకుని, కళ్ళలో భక్తితో. మధ్యలో పదేళ్ళు లేవు. సైనికుడిగా రోములోకి వచ్చిన అన్న రికార్దో, తలుపు బద్దలుకొట్టి, పద ఇంటికి పోదాం అంటే, నా ఇల్లు ఇదే అంటాడు. సమీక్షకులు ఇక్కడే అసంతృప్తి పడ్డారు, మీరూ పడ్డారు. ఆ మార్పు ఎలా జరిగిందో చూపించకపోతే సినిమా ఎందుకు అన్నారు.

చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి చూసినప్పుడు నా నోటుపుస్తకంలో ‘రెండో సగం ఖాళీ’ అని రాసుకున్నాను. మూడోసారి చూశాక కొట్టేశాను. ఎందుకో చెప్తాను. ఆ పదేళ్ళలో ఆ పిల్లవాడి మనసులో ఏం జరిగిందో చెప్పగలిగినవాడు ఒక్కడే, అతను చెప్పింది మనకి పెద్దవాడయ్యాక, గురువయ్యాక, తన పెంపకందారుల భాషలో రాసిన మాటల్లోనే దొరుకుతుంది. అదీ ఇతరుల చేతులు పడి మారిపోయి. ఆ ఖాళీలో ఏ దృశ్యం తీసినా ఏదో ఒక పక్షం వకీలు రాసిన దృశ్యమే అవుతుంది. ‘బెదిరించి మార్చారు’ అని తీస్తే అతని విశ్వాసం ఉత్తుత్తిది అయిపోతుంది. ‘దేవుని కృప’ అని తీస్తే ఎత్తుకుపోవడం ఒప్పయిపోతుంది. బెల్లోకియో రెండూ తియ్యలేదు. బదులుగా అతని శరీరంతో చెప్పించాడు. పోపు మీదికి అంత ప్రేమతో పరుగెత్తుకెళ్ళి కిందపడేసిన యువకుడే, ఆ పోపు శవపేటికని రాత్రిపూట తీసుకెళ్తుంటే టైబర్ నదిలో పారెయ్యమని అరుస్తున్న గుంపుని మొదట అడ్డుకుంటాడు. తర్వాత ఉన్నట్టుండి తానూ వాళ్ళతో కలిసి నదిలో పారెయ్యమని బూతుమాటతో అరుస్తాడు. వెంటనే భయపడి పారిపోతాడు. ఆ ముక్క దర్శకుడి కల్పన. ఎద్గార్దో అలా అరిచాడని ఎక్కడా లేదు. చరిత్ర నిజాయితీ కోరేవాళ్ళు దీన్ని తప్పుపడితే నేను అడ్డుపడను. కాని ఒకే దేహంలో ఇద్దరు పిల్లలు బతుకుతున్నారని చెప్పడానికి ఇంతకంటే పొట్టి మార్గం ఆయనకి దొరకలేదు.

అయినా రెండో సగంలో ఒక నిజమైన లోటు ఉంది, అది తండ్రి. ఫౌస్తో రుస్సో అలేసి చేసిన మొమోలో మొదటి సగమంతా మోస్తాడు. రోములోని యూదు పెద్దలు నెమ్మదిగా, బతిమాలుకుంటూ పని కానిద్దామంటారు, ఎందుకంటే వాళ్ళు రేపూ పోపు కిందే బతకాలి. మొమోలో లోకమంతా తెలియాలంటాడు. ఈ పేచీ సినిమాలో ఎంతో బలంగా ఉంది. పోపు ముందు ఆ పెద్దలు మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళే దృశ్యం చూసినప్పుడు, జాగ్రత్తగా ఉండటమంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. అటువంటి మొమోలో చివరికి ఏమయ్యాడో సినిమా దాదాపు వదిలేసింది. అసలు జీవితంలో, ఇంట్లో పనిమనిషి కిటికీలోంచి పడి చనిపోతే ఆయన మీద హత్యానేరం మోపారు, నెలల తరబడి జైల్లో పెట్టారు, నిర్దోషి అని వదిలేశాక 1871లో కొద్దిరోజులకే పోయారు. కొడుకుని పోగొట్టుకున్న మనిషికి ఆఖరికి అదీ మిగిలింది. సమీక్షల్లో ఈ లోటు గురించి రాసినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు.

ఇంకొకరి గురించి కూడా రాయలేదు. అన్నా మొరీసి. అందరూ పోపు, తల్లి, కొడుకు అంటారు. కథకి మూలమైన ఆ పనిపిల్లని ఒక వాక్యంలో దాటేస్తారు, కొందరు తెలివితక్కువది అని కూడా రాశారు. నేను దాటలేను. ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాయనమ్మ చదువుకోలేదు. ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పాతికేళ్ళు పనిచేసింది. సత్యోపదేశంలో, అంటే చర్చిలో పిల్లలకి చెప్పే మతపాఠాల్లో, మాకు నేర్పేవారు, చావు ముంచుకొస్తే గురువు కోసం ఆగక్కర్లేదు, ఎవరైనా సరే, నీళ్ళు పోసి పితా పుత్ర పవిత్రాత్మ నామమున అని చెప్తే జ్ఞానస్నానం అయిపోతుంది అని. నాయనమ్మ ఆ పని చేసేది. చచ్చిపోతారనుకున్న పసిగుడ్లకి, తల్లి నిద్రపోతున్నప్పుడు, తడిగుడ్డ పిండి నుదుటి మీద మూడు చుక్కలు. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు అని చూసేది కాదు. చిన్నప్పుడు నాకు గొప్పగా చెప్పేది, ‘ఎంతమందిని మోక్షానికి పంపించానో’ అని. ఆమె కళ్ళలో ద్వేషం లేదు, ఇంకొకరి బిడ్డని ఎత్తుకుపోవాలన్న ఊహే లేదు. ఆ బిడ్డ చీకట్లోకి పోతుందన్న భయం, దాన్ని ఆపగలిగింది నేనే అన్న జాలి.

సినిమాలో అన్నా కోర్టులో నిలబడి మాట్లాడుతుంటే నాకు నాయనమ్మ గొంతు వినపడింది. అందుకే ‘క్యాథలిక్కుల మీద ద్వేషం’ అన్నవాళ్ళతో నేను ఏకీభవించను. ద్వేషించే సినిమా ఆ పిల్లని విలన్ చేసేది. బెల్లోకియో ఆమెని భయపడ్డ పిల్లగానే వదిలేశాడు. ఆమె చేతిలో గుక్కెడు నీళ్ళు ఉన్నంతవరకు అది జాలి. ఆ నీళ్ళని పట్టుకుని ఒక ఆఫీసు, ఒక చట్టం, ఒక పోలీసు బండి కదిలాక అది ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాని ఈ సినిమా నాకు చూపించినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చూపించలేదు.

మీ మూడో ప్రశ్న, నాన్నగారి గురించి. నేను అన్నయ్యకి చూపించాను. నలభై ఏళ్ళు విచారణ గురువుగా, అంటే స్థానిక చర్చిని చూసుకునే ఫాదరుగా, చేసిన మనిషి. ముందే చెప్పాను, పోపుని కఠినంగా చూపించారు, సిలువ దృశ్యం ఉంది, కోపం వస్తే ఆపేద్దాం అని. రెండుంపావు గంటలూ కదలకుండా చూశారు. అయిపోయాక లేచి, లోపలికి వెళ్ళి, శ్రీసభ చట్టసంహిత తెచ్చి, 868వ నియమం రెండో భాగం చదివి వినిపించారు. 1983 నాటిది, ఇప్పుడూ అమల్లో ఉన్నది: చావు ముప్పు ఉన్న పసిబిడ్డకి, తల్లిదండ్రులు క్యాథలిక్కులైనా కాకపోయినా, వాళ్ళు ఒప్పుకోకపోయినా, జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. పోలీసుల్ని పంపే రాజ్యం ఇప్పుడు లేదు, ఆ వాక్యం ఉంది. ఆయన దాన్ని సమర్థించలేదు, తిట్టలేదు. పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నారు.

కాబట్టి చూపించండి. కాని కొన్ని జాగ్రత్తలు. రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టకండి, చూశాక మాట్లాడుకోవడానికి టైం ఉండాలి. ముందు కథంతా చెప్పెయ్యండి, ఇందులో దాచాల్సిన మలుపు ఏదీ లేదు, తెలిసి చూస్తేనే తట్టుకోగలరు. సిలువ దృశ్యం దగ్గర మీరు ఆయన ముఖం వంక చూడకండి, ఆయన్ని ఆయన దేవుడితో వదిలెయ్యండి. పోపు పీడకల వచ్చినప్పుడు నవ్వకండి. ఆఖరి దృశ్యం మాత్రం పక్కనే కూర్చుని చూడండి. తల్లి మరణశయ్య మీద ఉంది, గురువైన కొడుకు దగ్గరికి వచ్చి, నీళ్ళు తీసి ఆమెకి జ్ఞానస్నానం ఇవ్వబోతాడు. ఆమె ఆపుతుంది, యూదుగా పుట్టాను, యూదుగానే పోతాను అంటుంది. తన మీద ఒకప్పుడు ఎవరో ప్రేమతో చేసిన పనినే అతను ప్రేమతో చెయ్యబోయాడు. ఆ చెయ్యి చాచడం కల్పన, కాని దాని వెనక నిజం ఉంది. 1890లో మరియానా పోయాక ఆమె చివర్లో మతం మారిందని పత్రికల్లో పుకారు వస్తే, ఎద్గార్దోనే ఖండిస్తూ ఉత్తరం రాశాడు. ఆమె మారాలని జీవితమంతా కోరుకున్నాను, చాలాసార్లు ప్రయత్నించాను, చివరి జబ్బులో పక్కనే ఉన్నాను, ఆమె మారలేదు అని. అబద్ధం ఆడితే ఆయనకే లాభం, ఆయన ఆడలేదు. అందుకే ఆ మనిషి విశ్వాసాన్ని ఉత్తుత్తిది అని కొట్టెయ్యడం నాకు చేతకాదు.

అన్నయ్య ఆ రాత్రి పడుకోబోతూ ఒక్క మాట అడిగారు. ‘నాయనమ్మ చేత్తో చుక్కలు వేయించుకున్న పిల్లల్లో బతికినవాళ్ళు ఎంతమందో?’ ఆ పిల్లల పేర్లు నాయనమ్మకే తెలియవు. వాళ్ళకీ తెలియదు. మేమిద్దరం చాలాసేపు లెక్క వేస్తూ కూర్చున్నాం.